లాడ్జి ఫోన్ మనిషి ఎత్తాలా, మెషీన్ ఎత్తాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మీకు 28 గదుల లాడ్జి ఉంది, దానితో పాటు రెండు కార్లు పెట్టి ట్రావెల్స్ నడుపుతున్నారు. రిసెప్షన్‌లో పగలు ఇద్దరు, రాత్రి ఒకరు. కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉన్నప్పుడు ఫోన్ మోగి మోగి ఆగిపోతోంది. ఏఐ వాయిస్ బాట్, అంటే ఫోన్ ఎత్తి మనిషిలా మాట్లాడే సాఫ్ట్‌వేర్, అమ్మే కంపెనీ మనుషులు వచ్చి, నాలుగు భాషల్లో మాట్లాడుతుంది, ఇంక ఫోన్ కోసం మనిషే అక్కర్లేదు అన్నారు. ఫోన్ మొత్తం దానికి అప్పగించి ఒకరిని తగ్గించుకోవచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తాను. మనిషిని తగ్గించకండి. మెషీన్ పెట్టుకోండి, కాకపోతే మనిషికి వెనకాల పెట్టండి. ఫోన్ ముందు మీ రిసెప్షన్‌లోనే మోగాలి. పదిహేను సెకన్లలో ఎవరూ ఎత్తకపోయినా, లైన్ బిజీగా ఉన్నా అప్పుడు మెషీన్ అందుకోవాలి. మీ లాంటి 28 గదుల చోట మెషీన్‌ని గుమ్మంలో నిలబెడితే మిగిలే జీతం కన్నా పోయే బుకింగులే ఎక్కువ.

నేను మొదట చిత్తూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఫోన్ డెస్క్ చూసేదాన్ని. తర్వాత ఇదే పనిగా పెట్టుకుని లాడ్జిలు, క్లినిక్కులు, మామిడి మండీలు, ట్రావెల్స్ వాళ్ళకి ఫోన్ ఏర్పాట్లు చేసి పెడుతున్నాను. ఐవీఆర్‌లు, అంటే "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే ఫోన్ మెనూలు, నేనే పెట్టించాను, కొన్ని చోట్ల నేనే తీయించాను. కాబట్టి మెషీన్ అంటే నాకు పడదని అనుకోకండి. అది ఎక్కడ పనికొస్తుందో కింద వివరంగా రాస్తాను. ముందు మీ లాడ్జికి మనిషే ఎందుకు ముందుండాలో చెప్తాను.

ఆన్‌లైన్‌లో గది బుక్ చేసుకునే వీలున్నా మనిషి మీకు ఎందుకు ఫోన్ చేస్తాడో ఒకసారి ఆలోచించండి. తిరుపతి యాత్రికుల్ని మోసం చేసే నకిలీ వెబ్‌సైట్ల గురించి టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది. గూగుల్లో ఏదో నంబరు కనిపిస్తుంది, అడ్వాన్స్ పంపిస్తారు, ఇక్కడికొచ్చి చూస్తే ఆ బుకింగే ఉండదు. ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళో, చుట్టాల్లో ఎవరికో అలా జరిగిందని విన్నవాళ్ళో అయితే డబ్బు పంపే ముందు ఫోన్ చేస్తారు. గది ఖాళీ సంగతి తర్వాత. ఈ లాడ్జి నిజంగా ఉందా, అక్కడ మనుషులున్నారా అన్నది వాళ్ళు తేల్చుకోవాల్సిన మొదటి విషయం. చక్కటి గొంతుతో "స్వాగతం, మీ భాషను ఎంచుకోండి" అని రికార్డింగ్ వస్తే ఆ అనుమానం తీరదు, ఎందుకంటే మోసగాళ్ళు కూడా అదే పెట్టుకోగలరు. అదే మీ కుర్రాడు ఎత్తి, "స్టేషన్ బయటికొస్తే ఎడమచేతి వైపు, టీ కొట్టు పక్క సందులో అండీ" అని చెప్తుండగా వెనక రైలు అనౌన్స్‌మెంట్ వినబడితే వాళ్ళకి సగం ధైర్యం వచ్చేస్తుంది.

ఇంకోటి, ఫోన్‌లో మనుషులు అసలు ప్రశ్న ముందు అడగరు. కోనేటి వీధి పక్క ఒక లాడ్జిలో కౌంటర్ వెనక కూర్చుని కాల్స్ వింటున్నప్పుడు సేలం నుంచి ఒకావిడ చేసింది. "రూమ్ ఇరుక్కా?" అంది. కౌంటర్ కుర్రాడు ఉందన్నాడు. రేటు అడిగింది, చెప్పాడు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు, ఫోన్ పెట్టనూ లేదు. కుర్రాడు తమిళంలోనే "ఎంతమంది వస్తున్నారమ్మా?" అని అడిగాడు. అప్పుడు చెప్పింది, అమ్మకి మోకాళ్ళ నొప్పి, లిఫ్ట్ ఉందా అని. "లిఫ్ట్ ఉంది కానీ బయట మూడు మెట్లు ఎక్కాలి, కింద ఫ్లోర్‌లోనే గది రాసి పెడతాను, మెట్ల దగ్గర మావాడు చెయ్యి పట్టుకుంటాడు" అన్నాడు. ఆవిడ అప్పటికప్పుడు రెండు రోజులకి అడ్వాన్స్ పంపింది. బాట్ అయితే రేటు చెప్పి, "ఇంకేమైనా సహాయం కావాలా?" అని అడిగి, జవాబు రాకపోతే కాల్ ముగించేది. రేటు చెప్పాక వచ్చే ఆ మౌనంలోనే బుకింగ్ ఉంటుంది. దాన్ని గుర్తుపట్టి తిరిగి ఒక ప్రశ్న వేయడం మనిషి పని.

ఇక తేదీల సంగతి. మన దగ్గరికి వచ్చేవాళ్ళు క్యాలెండర్ తేదీ చెప్పి ఫోన్ చేస్తారనుకుంటే పొరపాటు. "వైకుంఠ ఏకాదశికి ముందురోజు", "గరుడ సేవ నాటికి", "పెరటాసి మూడో శనివారం", "మా బాబుకి పుట్టెంట్రుకలు, పంతులుగారు దశమి అన్నారు". సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెరటాసి అనే తమిళ నెల శనివారాలకి తమిళనాడు నుంచి వచ్చే రద్దీ ఎంతుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. "పెరటాసి మూడో శనివారం" అనగానే ఏ తేదీయో మీ రిసెప్షన్ కుర్రాడికి తెలుసు, తెలియకపోతే గోడ మీద క్యాలెండర్ చూస్తాడు. బాట్‌కి ఆ పంచాంగం ఎవరో ముందే ఎక్కించాలి. ఎక్కించకపోతే దానికి తోచిన తేదీ వేసుకుంటుంది. తప్పు తేదీకి బుక్ అయిన కుటుంబం గుండ్లు చేయించుకుని సామానుతో మీ కౌంటర్ ముందుకొచ్చి నిలబడితే అప్పుడు మాట్లాడాల్సింది మీరే.

నాలుగో కారణం అన్నిటికన్నా పెద్దది. దర్శనం టికెట్లు. లాడ్జికి ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది గదితో పాటు "దర్శనం కూడా మీరే చూస్తారా?" అని అడుగుతారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ తన సొంత వెబ్‌సైట్లో నెలల ముందే కోటా విడుదల చేసి అమ్ముతుంది. మీరు ఇవ్వగలిగేది కాదు. ఇక్కడ ఒక్క మాట అటూ ఇటూ అయితే మీ లాడ్జి పేరు దళారీల లెక్కలో పడుతుంది. ఇప్పటి ఏఐ బాట్‌లకి ఉన్న జబ్బు ఏంటంటే, తెలియనిది కూడా తెలిసినట్టే చెప్పేస్తాయి. ఎయిర్ కెనడా వెబ్‌సైట్లో చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. అది చెప్పిన దానికి మా బాధ్యత లేదని కంపెనీ వాదించినా, 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రైబ్యునల్ ఒప్పుకోక, నష్టపరిహారం కట్టమంది. అది వేరే దేశం తీర్పు, ఇక్కడికి నేరుగా వర్తించదు. కానీ యాత్రికుడి దృష్టిలో కూడా లెక్క అంతే. మీ నంబరులో ఎవరు చెప్పినా మీరు చెప్పినట్టే. అందుకని బాట్ పెట్టినా, రికార్డింగ్ పెట్టినా, మనిషిని పెట్టినా దర్శనం మాట వస్తే ఒకే వాక్యం చెప్పాలి: "దర్శనం టికెట్లు మేం ఇవ్వం, టీటీడీ కాల్ సెంటర్ 155257కి ఫోన్ చేయండి." దీన్ని కాగితం మీద రాసి కౌంటర్ దగ్గర అంటించండి.

ఇప్పుడు మెషీన్ అవసరం ఎక్కడో చూద్దాం. అవసరం నిజంగానే ఉంది, ఎందుకంటే మీ సమస్య కూడా నిజమే.

రద్దీ రోజున మీకు గంటకి 20 కాల్స్ వస్తాయనుకోండి, ఒక్కోటి సగటున 3 నిమిషాలు. మొత్తం 60 నిమిషాల పని. ఒక మనిషికి సరిగ్గా సరిపోతుందనిపిస్తుంది. సరిపోదు, ఎందుకంటే కాల్స్ ఒకటి అయ్యాక ఒకటి క్రమంగా రావు. ఒకేసారి మూడొస్తాయి, తర్వాత పది నిమిషాలు ఒక్కటీ రాదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఇంజనీరు ఎర్లాంగ్ 1917లో దీనికి ఒక సూత్రం ఇచ్చాడు, కాల్ సెంటర్ల వాళ్ళు ఇప్పటికీ దాని మీదే మనుషుల లెక్క వేస్తారు. మీ అంకెలు అందులో వేస్తే, ఫోన్ దగ్గర ఒక్కరే ఉంటే సగం కాల్స్‌కి లైన్ బిజీ వస్తుంది. ఇద్దరుంటే ఐదింట ఒకటి బిజీ. ముగ్గురుంటే పదహారింట ఒకటి. ఇదీ మనుషులు ఫోన్ తప్ప వేరే పని చేయనప్పటి లెక్క. మీవాళ్ళు తాళాలిస్తూ, ఆధార్ జిరాక్సులు తీసుకుంటూ, వేడినీళ్ళు రావట్లేదన్న గొడవ తీరుస్తూ ఫోన్ ఎత్తాలి.

ఒకరి నుంచి ఇద్దరికి వెళ్తే లాభం చాలా పెద్దది. ఇద్దరి నుంచి ముగ్గురికి వెళ్తే లాభం ఉంది కానీ, మూడో మనిషి వచ్చాక ఆ ముగ్గురూ గంటలో నలభై నిమిషాలు ఖాళీగా కూర్చుంటారు. ఆ మూడో కుర్చీకి జీతం ఇవ్వడం మీ స్థాయికి బరువు. మెషీన్‌ని కూర్చోబెట్టాల్సింది సరిగ్గా ఆ మూడో కుర్చీలో. ఇద్దరూ మాటల్లో ఉన్నప్పుడు వచ్చిన ఐదో కాల్‌ని అది పట్టుకోవాలి. "మా వాళ్ళు వేరే కాల్‌లో ఉన్నారు, పది నిమిషాల్లో ఈ నంబరుకే తిరిగి చేస్తారు" అని చెప్పి నంబరు రాసుకోవాలి. ఆ పని రింగు రింగుకీ విసుక్కోకుండా, మర్చిపోకుండా మెషీన్ బాగా చేస్తుంది.

రాత్రి లెక్క ఇంకోలా ఉంటుంది. ఒక కుర్చీలో రోజంతా ఎవరో ఒకరు ఉండాలంటే వారానికి 168 గంటలు. ఒకరు వారానికి 48 గంటలు పనిచేస్తారనుకుంటే మూడున్నర మంది కావాలి, సెలవులు కలిపితే నలుగురు. ఫోన్ కోసమని ప్రత్యేకంగా నలుగురిని ఏ చిన్న లాడ్జీ పెట్టుకోలేదు. మీకు రాత్రి ఎలాగూ ఒకరు కౌంటర్‌లో ఉంటారు కాబట్టి ఫోన్ అతని దగ్గరే మోగనివ్వండి. తెల్లవారుజామున రేణిగుంటలో రైలు దిగి ఆటోలో కూర్చుని ఫోన్ చేసేవాడికి "మీ కాల్ మాకు ముఖ్యం" అన్న రికార్డింగ్ వినే ఓపిక ఉండదు. గది ఉందా లేదా, అంతే. రాత్రి కౌంటర్ మనిషి ఎవరికో గది ఇస్తూ ఎత్తకపోతే అప్పుడు మెషీన్ అందుకుంటుంది.

మెషీన్ అన్న మాటలో మూడు వేరువేరు వస్తువులున్నాయి. అమ్మేవాళ్ళు మూడింటినీ కలిపి చెప్తారు, మీరు విడదీసి చూడాలి.

ఒకటి, రికార్డు చేసిన సందేశం. ఇంతకన్నా చవకైనది లేదు, సరైన చోట పెడితే ఇంతకన్నా పనికొచ్చేదీ లేదు. దామలచెరువు వైపు ఒక మామిడి మండీ ఆయనకి సీజన్లో తెల్లవారింది మొదలు ఒకటే ప్రశ్న, "ఈ పొద్దు తోతాపురి రేటు ఎంత?" రైతుకి మాటలక్కర్లేదు, అంకె కావాలి. పొద్దున్నే ఆయనే తన గొంతుతో ఆ రోజు రేటు చెప్పి రికార్డు చేస్తే, ఫోన్ చేసినవాళ్ళు విని పెట్టేస్తారు. ఆయన గొంతే కాబట్టి నమ్ముతారు కూడా. కానీ 2025 సీజన్లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అని ప్రకటించిన రోజుల్లో ఆ రికార్డింగ్ చాల్లేదు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరస కట్టి ఉంటే, కాయ బండిలోనే మెత్తబడుతుంటే, రైతు అడిగేది రేటు కాదు. "నా బండి ఈ పొద్దు దింపుకుంటారా? రాత్రికి ఇక్కడే ఉండాల్నా?" అని. ఆ నెలంతా ఆయన రికార్డింగ్ ఆపేసి తమ్ముణ్ణి ఫోన్ దగ్గర కూర్చోబెట్టాడు. సరైన పని చేశాడు. అదే వ్యాపారం, అదే నంబరు, కానీ అడిగేవాడు ఆందోళనలో ఉన్నప్పుడు మనిషే ఎత్తాలి.

రెండోది ఐవీఆర్, "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అనేది. పెద్ద ఆసుపత్రికి, విభాగాలు పదీ ఇరవై ఉన్నచోట ఇది తప్పదు. మీకు మాత్రం ఇది పెట్టుకోమని నేను చెప్పను. మీ దగ్గర ఉన్న విభాగాలు రెండే, గదులు, కార్లు. రెండు నంబర్లు పెట్టుకుంటే సరిపోతుంది. పైగా వయసు మీదపడిన వాళ్ళకి ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి, కాల్ నడుస్తుండగా కీప్యాడ్ ఎక్కడుందో వెతికి, ఒకటి నొక్కి, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకోవడం పెద్ద పని. అది చేసేలోపు రికార్డింగ్ "మీరు ఎంచుకున్నది సరైనది కాదు" అంటుంది. ఒక లాడ్జిలో ముందెవరో పెట్టిన ఐవీఆర్‌లో పాట, స్వాగతం, నాలుగు భాషల మెనూ అయ్యేసరికి అర నిమిషం దాటేది. కాల్ రిపోర్ట్ తీసి చూస్తే ఎక్కువ మంది తమ భాష రాకముందే పెట్టేస్తున్నారు. కన్నడం నాలుగోది. కర్ణాటక బుకింగులు ఎందుకు తగ్గాయో యజమానికి అప్పుడు అర్థమైంది. తప్పక ఐవీఆర్ పెట్టాల్సి వస్తే పాట, పొగడ్త తీసేయండి, మూడు ఎంపికలు దాటనివ్వకండి, ఏమీ నొక్కకపోతే కాల్ కట్ కాకుండా మనిషికి వెళ్ళేట్టు పెట్టించండి.

మూడోది మీ దగ్గరికి వాళ్ళు తెచ్చిన ఏఐ బాట్. ఇది నిజంగానే బాగా మెరుగుపడింది. 2022లో కేంద్రం మన భాషల కోసం భాషిణి అనే ప్రాజెక్టు మొదలుపెట్టాక, మద్రాస్ ఐఐటీలోని ఏఐ4భారత్ లాంటి చోట్ల మన భాషల మీద జరిగిన పని వల్ల, తెలుగు మాటని గుర్తుపట్టడం ఇదివరకటిలా లేదు. అయినా ఫోన్ లైన్ మీద దానికి కొన్ని చిక్కులున్నాయి. మామూలు ఫోన్ లైన్ గొంతులో 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపుతుంది. స, శ, ఫ లాంటి శబ్దాల్ని వేరు చేసే పై భాగం చాలావరకు పోతుంది. మనిషి సందర్భాన్ని బట్టి పూరించుకుంటాడు. బాట్ పేరుని ఇంకో పేరుగా రాసుకుంటుంది. బస్టాండ్‌లో నిలబడి మాట్లాడితే ఇంకా కష్టం. ఆలస్యం కూడా ఉంది. మాటల్లో ఒకరు ఆపాక రెండోవాళ్ళు అందుకోవడానికి పట్టే సమయం సగటున సెకనులో ఐదో వంతని 2009లో పది భాషల మీద జరిగిన పరిశోధన తేల్చింది. బాట్ విని, ఆలోచించి, గొంతు తయారుచేసి పలికేసరికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఈ లోపు మనవాళ్ళు "హలో? హలో?" అంటారు. ఆ హలోని అది కొత్త ప్రశ్న అనుకుని మొదటికొస్తుంది.

అందుకని కంపెనీ వాళ్ళ డెమో చూసి ఒప్పుకోకండి. డెమో ఏసీ గదిలో, వాళ్ళ మనిషి, వాళ్ళ ప్రశ్నలతో జరుగుతుంది. మీరు ఆర్టీసీ బస్టాండ్‌కి వెళ్ళి ప్లాట్‌ఫాం మీద నుంచి ఫోన్ చేయండి. మీ రిసెప్షన్ కుర్రాడితో చేయించండి, మీ ఇంట్లో పెద్దావిడతో చేయించండి. నంబరు "డబుల్ నైన్, ట్రిపుల్ ఫోర్" అని చెప్పి చూడండి. "ఎల్లుండి పొద్దున నాలుగున్నరకి దిగుతాం, సాయంత్రం ఖాళీ చేస్తాం, ఒక రోజు బాడుగా రెండు రోజులదా?" అని అడగండి. అది మాట్లాడుతుండగా మధ్యలో అడ్డుపడండి, ఆపి వింటుందో, తన పాటికి తాను చదువుకుపోతుందో తెలుస్తుంది. తెలుగులో మొదలుపెట్టి తమిళంలోకి మారండి. చివరగా "మనిషితో మాట్లాడాలి" అనండి. ఒక్క మాటకే మనిషికి కలపాలి. మళ్ళీ మళ్ళీ అడిగించుకునే బాట్ అయితే అక్కడితో వాళ్ళకి నమస్కారం చెప్పేయండి.

ఈ పరీక్షలన్నీ దాటినా, మొదట మూడో కుర్చీలోనే పెట్టండి. గది ఖాళీ ఉందని చెప్పే అధికారం, రేటు తగ్గించే అధికారం దానికి ఇవ్వకండి. చిరునామా, చెక్ అవుట్ పద్ధతి, పార్కింగ్, అలిపిరి ఎంత దూరం, సామాను పెట్టుకోనిస్తారా, ఈ నాలుగైదు చెప్పి పేరు, నంబరు తీసుకుంటే చాలు. ఆధార్ నంబరు ఫోన్‌లో ఎవరూ అడగకూడదు, బాట్ అసలే అడగకూడదు. కాల్ రికార్డ్ అవుతుంటే ఆ మాట ముందే చెప్పాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఆ రికార్డింగులు ఎక్కడ దాస్తారో, ఎన్నాళ్ళకి తీసేస్తారో కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

కంపెనీతో మాట్లాడకముందే, రూపాయి ఖర్చు లేకుండా మీరు రేపే చేయగలిగింది ఒకటుంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాల్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే కాల్ ఫార్వర్డింగ్ ఉంటుంది. అందులో ఎప్పుడూ, బిజీగా ఉంటే, ఎత్తకపోతే, అందుబాటులో లేకపోతే అని నాలుగు వేరువేరుగా కనిపిస్తాయి. మొదటిది ముట్టుకోకండి. రెండు, మూడు, నాలుగింటికి రెండో రిసెప్షన్ ఫోన్ నంబరు ఇవ్వండి. మొబైల్‌లో ఎవరూ ఎత్తకపోతే 30 సెకన్లు మోగాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019లో నియమం పెట్టింది. మీ నెట్‌వర్క్ వాళ్ళని అడిగి ఫార్వర్డింగ్ 15 సెకన్లకే జరిగేట్టు పెట్టించుకోండి. మన ఫోన్ రింగు మూడు సెకన్లకొకసారి తిరుగుతుంది కాబట్టి అవతలివాళ్ళకి అయిదు రింగులు. అయిదు దాటాక మనుషులు పెట్టేయడం మొదలుపెడతారు.

దీనితో పాటు ఒక వారం నోటుబుక్కు పెట్టండి. ఏ టైము, ఏ భాష, ఏం అడిగారు, ఏమైంది. మిస్డ్ కాల్స్ కూడా ఎర్ర పెన్నుతో రాయండి. నేను ఎక్కడికి వెళ్ళినా ముందు చేయించేది ఇదే, ఎందుకంటే యజమాని అనుకునే దానికీ పుస్తకంలో ఉండేదానికీ పొంతన ఉండదు. రాత్రి ఫోన్లే పోతున్నాయనుకుంటారు, చూస్తే పోయేవి పొద్దున చెక్ అవుట్ టైములో పోతుంటాయి. అలాగైతే దానికి బాట్ అక్కర్లేదు, ఆ రెండు గంటలు మూడో మనిషి ఉంటే తీరిపోతుంది. మిస్డ్ కాల్‌కి పది నిమిషాల్లోపు తిరిగి చేయడం మాత్రం నియమంగా పెట్టుకోండి. గంట తర్వాత చేస్తే వాళ్ళు పక్క సందులో లాడ్జిలో దిగిపోయి ఉంటారు. వాట్సాప్ బిజినెస్ ఉచితమే. లొకేషన్, గది ఫొటోలు, రేట్లు అందులో క్విక్ రిప్లైలుగా పెట్టుకుంటే కుర్రాడు ఫోన్ పెట్టిన వెంటనే ఒక్క నొక్కుతో పంపేస్తాడు. దానివల్ల ఒక్కో కాల్ ఒక నిమిషం తగ్గినా పైన చెప్పిన లెక్క మీకు అనుకూలంగా మారుతుంది. మూడు నిమిషాలు రెండయితే, ఇద్దరు మనుషులున్నచోట బిజీ కాల్స్ ఐదింట ఒకటి నుంచి దాదాపు ఎనిమిదింట ఒకటికి దిగుతాయి.

ఆ మూడో మనిషి లాడ్జిలోనే ఉండాలని కూడా లేదు. తమిళం, తెలుగు రెండూ ఇంట్లో మాట్లాడేవాళ్ళు నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు ఎంతమందో ఉన్నారు. పిల్లలు బడికెళ్ళాక పొద్దున నాలుగు గంటలు ఇంటి నుంచి ఫోన్ చూడమంటే సంతోషంగా చేసే చదువుకున్న ఆడవాళ్ళున్నారు. ఎక్సోటెల్, ఓజోనెటెల్, నోలారిటీ లాంటి క్లౌడ్ టెలిఫోనీ కంపెనీల (మీ నంబరుకొచ్చిన కాల్‌ని ఇంటర్నెట్ ద్వారా మళ్ళించేవాళ్ళు) ఏర్పాటులో కాల్ వాళ్ళ మొబైల్‌కే వెళ్తుంది, రికార్డింగ్ మీకు కనబడుతుంది. ఒక ట్రావెల్స్‌కి నగరిలో ఉన్న అమ్మాయిని ఇలాగే పెట్టించాను. చెన్నై కాల్స్ అన్నీ ఆవిడే చూస్తుంది, డ్రైవర్ ఎక్కడున్నాడో షేర్ చేసిన లొకేషన్ చూసి చెప్తుంది. బాట్ కంపెనీ నెలకి అడిగే డబ్బుకి, ఇలా పూటపనికి ఒకరు దొరుకుతారేమో ముందు చూడండి.

మనుషుల్ని పెడితే వచ్చే తలనొప్పులు నాకు తెలుసు. ఫోన్ సైలెంట్‌లో పెడతారు. మధ్యాహ్నానికి గొంతులో విసుగొస్తుంది. తనకి తెలిసినవాళ్ళకి ఒక రేటు, తెలియనివాళ్ళకి ఒక రేటు చెప్తారు. రేట్ల కాగితం ఒకటి గోడకి అంటించి, రోజుకి రెండు మూడు రికార్డింగులు మీరు విని, బాగా మాట్లాడిన కాల్‌ని వాళ్ళ ముందే మెచ్చుకుంటే ఇందులో చాలావరకు సర్దుకుంటుంది. తిట్టడానికి మాత్రమే రికార్డింగ్ వింటే వాళ్ళు కాల్‌ని తొందరగా తెంచేయడం నేర్చుకుంటారు.

ఈ జవాబు చదివే క్లినిక్కుల వాళ్ళకి ఒక్క మాట. రిపోర్ట్ వచ్చిందా, డాక్టర్ ఎన్నింటికి వస్తారు, ఇవి మెషీన్‌కి హాయిగా ఇచ్చేయొచ్చు. రిపోర్ట్ సిద్ధం అని మెసేజ్ పోతే ఆ కాల్సే రావు. కానీ కాన్పుల డాక్టర్, పిల్లల డాక్టర్, గుండె డాక్టర్ అయితే రాత్రి ఫోన్ మెషీన్‌కి వదలకండి. ఒకవేళ మెషీన్ ఎత్తాల్సి వచ్చినా, మరుక్షణమే "అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి" అనాలి, ఆ వెంటనే డ్యూటీ నర్సుకి మోగాలి. రక్తం పోతోందని చెప్పడానికి ఫోన్ చేసిన మనిషిని భాష ఎంచుకోమని అడగకూడదు.

మళ్ళీ మీ సంగతికి వస్తే, బాట్ తీసుకోవాలనే నిర్ణయించుకుంటే రెండు జాగ్రత్తలు. కంపెనీ ఇచ్చే వర్చువల్ నంబరు సాధారణంగా వాళ్ళ ఖాతాలో ఉంటుంది. దాన్ని బోర్డు మీద, గూగుల్ మ్యాప్‌లో, కార్ల వెనక రాయించకండి. రేపు వాళ్ళతో తెగితే నంబరు వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. మీ పేరు మీదున్న పాత నంబరే బయట ఉంచి, లోపల దాన్ని వాళ్ళకి ఫార్వర్డ్ చేయండి. రెండోది, బ్రహ్మోత్సవాలకి ముందు గానీ, వేసవి సెలవుల్లో గానీ కొత్త ఏర్పాటు మొదలుపెట్టకండి. పిల్లల పరీక్షల కాలంలో, ఫిబ్రవరి, మార్చిలో రద్దీ కాస్త పలచగా ఉంటుంది. అప్పుడు వారం మధ్యలో ఒక మంగళవారమో బుధవారమో పెట్టించి, మొదటి నెల బాట్ ఎత్తిన ప్రతి కాల్‌నీ మీవాళ్ళలో ఒకరితో వినిపించండి. నోటుబుక్కు వారం పూర్తయ్యాక అంకెలు ఇక్కడ పెట్టండి. పొద్దున ఎన్ని పోతున్నాయో, ఏ భాషవి పోతున్నాయో చూసి, మీకు ఏ టైముకి మనిషి కావాలో లెక్క వేసి చెప్తాను.